ఒకే పొయ్యి

ఆదివారం తొమ్మిదింటికి
కంచరపాలెం మెట్టు దగ్గర, టైర్ల షాపు పైన గది.
కింద కుర్రాడు ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తుంటాడు.
పైన మేమూ అదే పని, పుస్తకాలతో.

పదకొండు మంది. పోయిన వారం పద్నాలుగు.
ఎమ్మే ఎంట్రన్సుకి నలభై రెండు రోజులు.
ఆ అంకె బోర్డు మీద కిశోర్ రాస్తాడు,
నేను చెరిపేస్తాను,
మళ్లీ రాస్తాడు.

వాడు స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి తిన్నగా ఇక్కడికే.
కాంట్రాక్టు పని, బూట్ల నిండా ఎర్రదుమ్ము.
పరాయీకరణ పాఠం మధ్యలో ఓసారి నిద్రపోయాడు.
లేపలేదు.
ఆ పాఠం అంతకన్నా బాగా నాకు చెప్పడం రాదు.

కిల్లో బలరాం శనివారం సాయంత్రమే అరకు బండి దిగి
ఈ బల్లలే రెండు కలుపుకుని పడుకుంటాడు.
గైడులో తెగల అధ్యాయం వస్తే కిటికీలోకి చూస్తాడు.
అందులో ఫోటో అచ్చం వాళ్ల మేనత్తలా ఉందట.
కింద తెగ పేరుంది, ఆవిడ పేరు లేదు.

ఇవాళ సర్వేలు, శాంపిళ్లు, నిర్వచనాలు.
"కుటుంబం అంటే?" అన్నాను.
"ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు."
పది గొంతుల్లో గైడు పలికింది.

నూకరత్నం పలకలేదు. కాసేపు పెన్ను మూత తీసి, పెట్టి,
"మా నాన్న బోటు మీద వండుకుంటాడు మేడమ్.
నెలకి ఇరవై రోజులు, ఏడుగురికి ఒక స్టవ్వు.
అమ్మ తెల్లారకుండా హార్బర్లో చేపలు పాడుకుని
బుట్ట వాసనని బస్సు ఎక్కనివ్వకపోతే
ఆటోలో పూర్ణామార్కెట్టుకి ఎల్పోతాది.
ఇడ్లీ బండి కాడ తింటాది.
నానూ తమ్ముడూ పెద్దమ్మింట్లో.
ఇంట్లో పొయ్యి ముట్టించేది మా నాయనమ్మే,
గంజి కాసుకోడానికి.
అయితే మేడమ్,
మా ఇంట్లో ఉన్నది ఒక్క మనిషేనా?"

కింద కంప్రెసర్ ఆగింది.

ఇరవై రెండేళ్ల కిందట నేనూ తిరిగాను
అదే పెద జాలారిపేటలో, అట్ట పట్టుకుని,
ఎంఫిల్ కోసం నూట ఇరవై గడపలు.
ఎండకి తల తిరుగుతున్న వేళ ఒక ముసలమ్మ
"ఒక్కదాన్నే తల్లీ" అంది, మంచినీళ్లిస్తూ.
గడిలో ఒకటి వేశాను.
వెనక దండెం మీద ఆరుతున్న లుంగీ, గౌనూ, స్కూలు నిక్కరూ
చూశాను కూడా.
వాటికి నా కాగితంలో గడి లేదు.
డిగ్రీ వచ్చింది. ఆ ఒకటి ఇంకా ఒకటిగానే
ఏదో బీరువాలో, సగటులో కలిసిపోయి.

"పరీక్షలో 'బి' పెట్టు" అన్నాను నూకరత్నంతో.
"తప్పుకి ఒక మార్కు కోత."
అంటుంటేనే పంటి కింద ఇసుక.
"నోట్సు చివరి పేజీలో మాత్రం నీ ప్రశ్న రాసిపెట్టుకో.
సీటొచ్చాక రెండేళ్లూ వాళ్లని అదే అడుగు."

"అడిగితే మార్కులేస్తారా?"
కళ్లు తెరవకుండానే కిశోర్.

ఏం చెప్పను?
ఒంటిగంటయిందని చెప్పాను.

క్యారేజీలు విప్పాం. బలరాం, కిశోర్ చేతులూపుకుంటూ వచ్చారు,
ఎప్పటిలాగే. వాళ్ల కోసం మూతలు తిరగేశాం.
ఎవరిదో పులిహోర ఎవరి వేళ్లకో అంటింది,
కవళ్ల పులుసులో బలరాం ముల్లు తీయడం రాక నవ్వించాడు,
నా వంకాయ కూర మళ్లీ మిగిలింది.

ఎంగిలి చెయ్యి గాల్లోనే పెట్టుకుని
నూకరత్నం లెక్కేసింది.
"పన్నెండు మందిమి మేడమ్. పొయ్యిలు పది.
దీన్ని ఏ గడిలో ఎయ్యమంటారు?"